దించిన అద్దం

కాకినాడ దాటినప్పటి నుంచీ కారు అద్దాల గురించే గొడవ.

“దించితే దోమలొస్తాయి. అద్దంలో అన్నీ కనబడుతూనే ఉన్నాయి కదా,” అన్నాడు మురహరి. కారు తన దారిన తానే నడుచుకుంటోంది. అద్దం మీద కదిలే బొమ్మలో సముద్రం నీలంగా ఉంది. నీటికుక్కలు ఒక్కొక్కటే దగ్గరికొచ్చి, కూతురు మేఖలని పేరు పెట్టి పలకరించి పోతున్నాయి.

“ఇవి మనింటి గోడ మీదా వస్తాయండీ. దీనికి ఏడేళ్లొచ్చినా ప్రాణమున్న జంతువుని ఒక్కదాన్నీ చూడలేదు,” అంది పద్మిని. మడ అడవి దగ్గర కారు ఆపించి అద్దం దించేసింది.

బురద వాసన వచ్చింది. నీళ్లు బూడిదరంగులో ఉన్నాయి. చాలాసేపు ఏమీ కదల్లేదు.

“సంతోషమేనా?” అన్నాడు మురహరి, మెడ మీద దోమను కొట్టుకుంటూ.

అప్పుడు మడచెట్ల వేళ్ల మధ్య నుంచి నిజం నీటికుక్క ఒకటి బయటికొచ్చింది. నోట్లోని చేపను కరకరా నమిలి, ఒళ్లు దులుపుకుని, మళ్లీ వేళ్లలోకి వెళ్లిపోయింది.

“అది నన్ను చూడలేదేంటమ్మా?”

“దాని పనిలో అదుందే. మనతో దానికేం పని?”

మేఖల మొహం చిన్నబోయింది. అది చూసి పద్మినే అద్దం ఎత్తబోయింది. మేఖల బొత్తం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇంటిదాకా ఇలాగే ఉంచుదాం,” అని ఇద్దరికీ మెల్లగా చెప్పింది. “అవి చూడకపోయినా పర్లేదు. నేను చూస్తాను.”