పీపా సరుకు

"సీటు కింద ఇదేంది సారూ?"

చెక్‌పోస్టు ముందు బండ్ల వరస కదలడం లేదు. అద్దం మీద దుమ్ము తుడుద్దామని గుడ్డ కోసం చెయ్యి పెట్టిన ఓబులయ్యకు, తువ్వాల్లో చుట్టిన సీసా దొరికింది.

పక్క సీట్లో ఉన్న స్టోర్ కీపర్ ప్రసాద్ నీళ్లు నమిలాడు. "మన మేనేజరు గారిచ్చారు. ఖమీస్ ఊళ్లో ఆయన స్నేహితుడికి ఇవ్వాలంట. తేనె అనుకో."

"తేనెకు తువ్వాలెందుకు?" ఓబులయ్య మూత తిప్పాడు. ఘాటు నషాళానికంటింది. మందు!

సౌదీలో మందు సీసాతో పట్టుబడితే ఏమవుతుందో డ్రైవరుకు వేరే చెప్పాలా? ముందు జైలు, తర్వాత దేశం బయటికి. గురువారం అతనికి సెలవు మీద కడపకు టికెట్టుంది. నాలుగు నెలల కూతుర్ని ఇంతవరకూ ఫోన్లోనే చూశాడు.

"కొంప ముంచినావు గదప్పా. బండి తోలేది నేను, పట్టుకునేది నన్ను. ఇసకలో పారబోచ్చా, దిగు."

"వద్దు. చుట్టూ ఇన్ని బళ్లు, ఎవడైనా చూస్తాడు. ఇది చేరకపోతే మేనేజరు నన్ను బతకనివ్వడు." ప్రసాద్ సీసా లాక్కుని లేబుల్ చదవసాగాడు. ఇంత కంగారులోనూ అతనికి ఇంగ్లీషు కనబడితే చదవకుండా ఉండలేని జబ్బు. "రై అనే ధాన్యం ఎక్కువేసి కాచారంట. పీపాలోంచి తీసింది తీసినట్టే, చుక్క నీళ్లు కలపలేదంట. ఇది విను. వందేళ్ల కింద అమెరికాలోనూ మందు మీద నిషేధం. అప్పుడొకడు పాల క్యాన్లకు దొంగ అడుగులు పెట్టి ఊరూరా చేరవేశాడు. ఒక్కసారీ దొరకలేదు. వాడి పేరే దీనికి పెట్టారు."

"దొరకలేదు గాబట్టి సీసా మీదికెక్కినాడు. దొరికినోళ్ల పేరు ఎవురు పెడతారు సారూ?"

ప్రసాద్ వినడం లేదు. అతని కళ్లు మెరిశాయి. "నీ వైపర్ నీళ్ల డబ్బా ఎలా ఉంది?"

"యాడిది. మోటారు చచ్చి రెండేండ్లాయ. గుడ్డతోనే తుడ్సుకుంటాండా."

"ఇంకేం మరి. అందులో పోసేద్దాం. ఖమీస్ వెళ్లాక పైపు పీకి మళ్లీ సీసాలో పట్టుకుందాం."

వరస నాలుగు బండ్లు జరిగింది. ఆలోచించే వ్యవధి లేదు. ఇంజను వేడెక్కినట్టు బానెట్ ఎత్తి, ఆ చాటున సీసా మొత్తం డబ్బాలో వంచేశారు. తొందరలో కాస్త ఒలికింది. ఓబులయ్య అద్దం తుడిచే గుడ్డతోనే దాన్ని ఒత్తి, ఆ గుడ్డను ఇసకలో కాలితో పూడ్చేశాడు. సీసాను బండిలోని క్యాన్ డీజిల్‌తో కడిగి, సగం డీజిలే నింపాడు. లేబుల్ ప్రసాద్ మేజోడులోకి పోయింది.

వాళ్ల వంతు వచ్చింది. పోలీసు వాళ్ల నివాస కార్డులు, ఇకామాలు చూశాడు, బండి కాగితాలు చూశాడు, సీట్ల కింద లైటు వేసి చూశాడు. చివరికి సీసా తీసి మూత విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"డీజిల్," అన్నాడు ఓబులయ్య.

పోలీసు మొహం చిట్లించి సీసా వెనక్కిచ్చేశాడు. ఇకామాలు కూడా ఇచ్చాడు. ఓబులయ్యకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. పిల్ల మొహం కళ్లలో మెదిలింది. గేరు వేశాడు.

పోలీసు ఆగమన్నట్టు చెయ్యెత్తాడు.

"ముందు ఇసక గాలి లేచింది. ఈ అద్దంలోంచి నీకు దారి కనిపిస్తోందా?" అని అరబ్బీలో అడిగి, "మోయా, మోయా," అంటూ నీళ్లు కొట్టమని చేత్తో చూపించాడు.

"మోయా ఖర్బాన్," పనిచెయ్యదని చెప్పాడు ఓబులయ్య. అబద్ధం కాదు కాబట్టి గొంతు కూడా తడబడలేదు.

పోలీసు నమ్మలేదు. నవ్వుతూ కిటికీలోంచి చెయ్యి పెట్టి వైపర్ మీట పట్టుకున్నాడు. లాక్కోనీలే, అనుకుని ఓబులయ్య అతనికి అడ్డం లేకుండా వెనక్కి జరిగి కూర్చున్నాడు. ప్రసాద్ కూడా నవ్వాడు.

గుర్రుమంది. రెండు ధారలు అద్దం మీదికి చిమ్మాయి, ఎండలో తేనె రంగులో మెరుస్తూ.

మోటారు చావలేదు. రెండేళ్లుగా ఆ డబ్బాలో ఎవరూ ఏమీ పోయలేదంతే.