బాలవ్వ ఆపిన పయనం

సర్దిన సంచిలోంచి బట్టలన్నీ తీసి మంచం మీద కుప్ప పోసింది బాలవ్వ.

"పయనం లేదు, గియనం లేదు! సముద్రం లేదు, చేపల్లేవు!"

రాజ్‌కుమార్ నోరు తెరుచుకుని తల్లిని చూశాడు. రేపటి రైలుకు టికెట్లు చేతిలో ఉన్నాయి. శ్రీకాకుళం అవతల, బస్సు కూడా పోని సముద్రపు ఒడ్డు ఊళ్ళో ఎర్రయ్య పడవ సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. దుబాయ్‌లో అతనిదీ రాజ్‌కుమార్‌దీ ఒకే గది. "మీవోళ్ళందర్నీ తీసుకురా, చేపలు పట్టడం నేను నేర్పుతాను" అని ఎన్నేళ్ళుగానో పిలుస్తున్నాడు.

"అవ్వా, నిన్న పొద్దుగాల నువ్వే గదా చింతపండు మూట గట్టినవ్? సముద్రపోళ్లకు పులుసు వెట్టరాదు, నేనే వెడ్తనంటివి!"

"నిన్నటి మాట నిన్ననే పాయె."

"మరి ఇయ్యాల ఏమైంది?"

"తుపాను వస్తదట."

రాజ్‌కుమార్ ఫోన్ తీసి చూపించాడు. వారం రోజుల దాకా మబ్బు తునక లేదు.

"అయితే నాకు మోకాళ్లు గుంజుతున్నయి."

"సరే, నువ్వు ఇంటికాడుండు. మేం ముగ్గురం పోయొస్తం."

"మీ బాపుకు బీపీ."

గడప దగ్గర కూర్చుని గాలానికి దారం ముడేస్తున్న మొండయ్య ఉలిక్కిపడ్డాడు. "నాకు బీపీ ఎక్కడిదే?"

"ఆగు, ఇప్పుడొస్తది!" అని ఒక్క చూపు చూసింది బాలవ్వ. మొండయ్య మళ్ళీ దారం మీద పడ్డాడు. ఇంతకాలం కాపురంలో ఆ చూపుకు ఎదురు చెప్పిన పాపాన పోలేదు ఆయన.

రాజ్‌కుమార్ భార్య వైపు తిరిగాడు. రమ కింద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. పది రోజులుగా ఆమెకు సముద్రం తప్ప వేరే ముచ్చట లేదు. రాత్రిపూట కూడా చప్పుడు చేస్తదా, గా ఉప్పునీళ్ళు తాగితే చేపలకు దూప కాదా అని అడిగి అడిగి అతని చెవులు తినేసింది.

"రమా, నువ్వన్న చెప్పు జర."

"అత్తమ్మ ఎట్లంటే అట్లనే," అంది రమ తల ఎత్తకుండా.

ఈ పయనం చేపల కోసం కాదు, రమ కోసం. పెళ్ళై ఏడేళ్ళు. వచ్చిన ప్రతి సెలవూ కరీంనగర్ దవాఖానలకూ దేవుళ్ళ మొక్కులకూ సరిపోయింది. తమ లక్సెట్టిపేటలో ఏ గడప తొక్కినా "ఇంకా ఏం లేదా బిడ్డా?" అనే మాటే. నవ్వుతూ వెళ్ళిన మనిషి చిన్నబోయిన ముఖంతో తిరిగొచ్చేది. ఆ మాట వినబడని చోట, తమను ఎవరూ ఎరగని చోట, ఆమె నాలుగు రోజులు మనసారా నవ్వితే చూడాలని అతని ఆశ. అందుకే అంత మారుమూల ఊరు ఎంచుకున్నాడు. ఇంకో నెలలో సెలవు అయిపోతుంది. పోతే మళ్ళీ రెండేళ్ళకే రావడం.

తల్లి మనసు మొక్కుల మీదికి మళ్ళిందేమో అనుకున్నాడు. ఒక మెట్టు దిగాడు.

"సరే అవ్వా, నీ మాటనే కానీ. సముద్రం వద్దు. వేములవాడ పోయి రాజన్నకు కోడెను కట్టి మొక్కొద్దాం. నలుగురం పోదాం. ఇగనన్న ఖుషేనా?"

వేములవాడ అంటే చెప్పులు కూడా మరిచి బస్సెక్కే మనిషి బాలవ్వ. అలాంటిది ఆమె అడ్డంగా తల ఊపింది. "రాజన్న ఏడికి పోతడు? తర్వాత చూద్దాం."

దాంతో రాజ్‌కుమార్‌కు ఒళ్ళు మండిపోయింది. "మరి నేనెందుకు ఈడ? అత్తాకోడళ్లు ఒక్కటైండ్రు. నేనుంటె ఎంత, పోతె ఎంత? గీ వారమే దుబాయ్ పోత!" అంటూ ఏజెంటు నంబరు వెతకసాగాడు.

రమ చేతిలోని వెల్లుల్లి జారి కింద పడింది. "అత్తమ్మా..." అంది ఏడుపు గొంతుతో. బాలవ్వ కళ్ళతోనే ఆగమంది.

ఇక లాభం లేదని మొండయ్య గాలం పట్టుకునే లోపలికి వచ్చాడు. "లొల్లెందుకురా? సముద్రం లేకుంటే మన గంగ లేదా?" గోదావరి ఆ ఊరివాళ్ళకు గంగే; వేములవాడకైనా, సముద్రానికైనా దాన్ని దాటే పోవాలి. "రాయపట్నం వంతెన దాటంగనే మంచి మడుగుంది. ఇంతింత బొచ్చె చేపలు వడ్తయి. గాడికే పోదాం, ఆన్నే వండుకోని తిందాం."

"వంతెన దాటేది లేదు!" కసిరింది బాలవ్వ. "గీ ఒడ్డుకు కూసోని గాలమేసుకుంటరో, గంపనే ఏసుకుంటరో మీ ఇష్టం. కోడలైతే గా ఒడ్డున కాలువెట్టది."

తండ్రీ కొడుకూ ముఖాలు చూసుకున్నారు. సముద్రం వద్దంది, సరే. దేవుణ్ణి వద్దంది, అదీ సరే. చిన్నప్పటి నుంచీ చూస్తున్న అవతలి ఒడ్డు ఏం పాపం చేసిందో ఇద్దరికీ అంతు పట్టలేదు.

"గా ఒడ్డుకేముందే? పులి కూసున్నదా?" అన్నాడు మొండయ్య.

"జెప్పు అవ్వా! ఎందుకు దాటొద్దు?" రాజ్‌కుమార్ ఫోన్ చేతిలో పట్టుకునే నిలదీశాడు.

రమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబుక్కున తలుపు చాటుకు వెళ్ళిపోయింది.

"మొగోళ్లకు అన్నీ ఇప్పి చెప్పాలె!" బాలవ్వ నెత్తి కొట్టుకుంది. "కడుపుతోనున్న పిల్ల గంగ దాటుతదారా, పిచ్చోడా?"