తీసివేత

కిరణ్మయికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తను పోతే రాధకు అన్నం పెట్టేవాళ్ళు ఉండరని. రాధకు ఇంకా రెండేళ్ళు నిండలేదు.

ఆ భయంతోనే ఈ ఆదివారం కూడా పిల్లను చంకనేసుకుని, తాముండే బెంగాలీ ఊళ్ళో పూరీ గేట్ దగ్గర చెన్నకేశవరావు బియ్యం కొట్టుకు వచ్చి, బస్తాలు తూచే కాటా ముందు చెప్పులు విప్పింది.

"వచ్చావా తల్లీ," అన్నాడు చెన్నకేశవరావు, కాటా మీది బస్తా దింపుతూ. "ఈసారన్నా తగ్గావా? అయినా నువ్వు తగ్గితే నాకే నష్టం. బియ్యం కొనడం మానేస్తావు."

"ఉండండి బాబూ, నవ్వించకండి. అంకెలు కదిలిపోతాయి."

కాటా ఎక్కింది. ఎర్ర అంకెలు కాసేపు ఊగి ఆగాయి. డెబ్భై ఏడున్నర.

ఎనిమిదో తరగతితో ఆగిపోయిన చదువులో ఆమెకు గట్టిగా మిగిలింది తీసివేత. పిల్ల టీకా కార్డు మీద ఆరు వారాల కిందట తూచి పదకొండు కిలోలని రాశారు. డెబ్భై ఏడున్నరలోంచి పదకొండు పోతే అరవై ఆరున్నర. అదే వారం ఇదే కాటా మీద తల్లీపిల్లా కలిసి డెబ్భై తొమ్మిది. అంటే అప్పుడు తను అరవై ఎనిమిది.

"కిలోన్నర తగ్గినాను," అంది, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.

"తగ్గినదానివి ఆ మొహమేంటమ్మా?" అంది గల్లా దగ్గర కూర్చున్న చెన్నకేశవరావు భార్య పరమేశ్వరి.

కాటా దిగుతుంటే రాధ కాలి పట్టీ జారి కింద పడింది. కిరణ్మయి దాన్ని తీసి కొక్కేన్ని పళ్ళతో నొక్కి మళ్ళీ తొడిగింది. "ఈ మధ్యన ఊరికే జారిపోతంది. కొక్కెం వదులైపోనాది." తర్వాత పరమేశ్వరి వైపు జరిగింది. "ఆస్పత్రిలో డైట్ రాసే దీదీ ఉన్నారు కదండి. బీపీ ఉన్నాది, రోజుకి పదిహేను వందల కేలరీలు తిను, నెమ్మదిగా తగ్గు, అంతకి తక్కువ మాత్రం తినొద్దు అన్నారు. నాను దాన్ని వెయ్యి సేసుకున్నాను."

"ఎవరిని అడిగి?"

"ఎవర్ని అడుగుతాను? పదిహేను వందలు తింటేనే తగ్గుతారంటే, వెయ్యి తింటే బేగి తగ్గుతాను కదా అనుకున్నాను."

"కళ్ళు తిరగట్లేదూ?"

"తిరుగుతన్నాయి. అందుకే..." కిరణ్మయి గొంతు తగ్గించింది. "రాధకి పెట్టినప్పుడల్లా దాని కంచంలోంచి నాలుగు ముద్దలు నోట్లో ఏసుకుంతన్నాను."

నాలుగు కాదు. ఎనిమిదో, తొమ్మిదో. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"తిన్నవన్నీ పుస్తకంలో రాసి ఆవిడకి చూపిస్తున్నానన్నావుగా? ఆ ముద్దలూ రాస్తున్నావా?"

"నా కంచంలోవి రాస్తన్నాను. పిల్ల కంచంలోది నాది కాదు కదండి."

పరమేశ్వరి పకపకా నవ్వింది. "పిల్లల ఎంగిలి తినని తల్లి ఎవరే? నా పొట్టంతా నా కొడుకులు వదిలేసిందే."

"మరి నా పొట్ట?" అన్నాడు చెన్నకేశవరావు.

"మీది మాత్రం మీ సొంతం."

కిరణ్మయి నవ్వలేదు. "దొంగతిండి తింతన్నాను. దీదీకేమో పుస్తకం సూపించి అంతా ఇదేనని సెప్పినాను. నా మీద నాకే అసయ్యంగా ఉంది. అంత తిన్నా ఎలా తగ్గుతన్నానో అది కూడా నాకు తెలీదు."

"తగ్గుతున్నావుగా, ఇంకెందుకు బాధ? దేవుడు చూసీ చూడనట్టు ఊరుకున్నాడనుకో," అంటూ పరమేశ్వరి సీసా మూత తీసి ఒక బిస్కెట్టు బయటికి తీసింది.

రాధ ఎవరి దగ్గరికీ పోదు. కిందికి దింపితే వీధంతా వినపడేలా ఏడుస్తుంది. అందుకే ఏ ఆదివారమూ కిరణ్మయి ఒక్కతే కాటా ఎక్కలేదు. అలాంటి పిల్ల ఇవాళ బిస్కెట్టును చూసి రెండు చేతులూ చాచి పరమేశ్వరి మీదికి దూకింది.

"ఇదేటి, ఇది మా రాధేనా?"

"పాపం, ఆకలేసినట్టుంది," అంది పరమేశ్వరి.

"ఇప్పుడే తినిపించి తెచ్చినాను," అంది కిరణ్మయి, వేరే వైపు చూస్తూ.

"చేతులు ఖాళీ అయ్యాయిగా. ఒక్కదానివే ఎక్కు," అన్నాడు చెన్నకేశవరావు. "ఆ తీసివేతల బాధ ఉండదు."

వెనక సైకిలు మీద బస్తాతో నిలబడ్డ బెంగాలీ ఆయన "జల్దీ, దీదీ" అన్నాడు. "ఏక్ మినిట్, దాదా" అని కిరణ్మయి గబగబా కాటా ఎక్కింది. అరవై ఆరున్నర కోసం చూసింది.

అంకెలు ఊగి ఆగాయి. అరవై ఎనిమిది.

"కాటా పాడైపోనాదేమో, బాబూ."

చెన్నకేశవరావు ఆమెను దిగమని ఇరవై కిలోల తూకపు రాయి ఎత్తిపెట్టాడు. సరిగ్గా ఇరవై చూపించింది.

"కాటాకేం కాలేదమ్మా," అన్నాడు.

పరమేశ్వరి ఒళ్ళో రాధ మొదటి బిస్కెట్టు మింగకుండానే రెండో దానికోసం సీసాలోకి చెయ్యి పెడుతోంది. నొక్కి తొడిగిన పట్టీ మడమ మీదుగా మళ్ళీ జారుతోంది. దాన్నే చూస్తూ కిరణ్మయి మరోసారి తీసివేత చేసింది. ఈసారి తీసేసింది పిల్లను కాదు, తనను. డెబ్భై ఏడున్నరలోంచి అరవై ఎనిమిది పోతే, తొమ్మిదిన్నర.

మీ చంకలోనూ పిల్ల ఉంటే, ఇవాళే ఒకసారి దింపి విడిగా తూచి చూడండి.