బదులు గొంతు

ఫిబ్రవరి పదకొండున నేను చేసుకున్న ఉప్మా మాడింది. భార్య పోయాక నాకది అలవాటే. అదే తిని, కాకినాడ గ్రంథాలయంలో పిల్లలకు ఉచితంగా కంప్యూటరు నేర్పడానికి వెళ్లాను.

ఇప్పుడు ఎవరి ఫోనుకైనా వాళ్ల బదులు గొంతే జవాబిస్తుంది. కంప్యూటరు తయారుచేసిన ఆ గొంతు అచ్చం మనలాగే మాట్లాడి మనకు తీరిక మిగులుస్తుంది. తొమ్మిదో తరగతి నూకరత్నం మాత్రం దాన్ని ఆపడం నేర్చుకోవాలని నా క్లాసులో చేరింది.

“ఓడలో ఉన్న మా నాన్నతో రోజూ అదే మాట్లాడేస్తందండి మాస్టారూ. ఇవాళ నేనే మాట్లాడతానండి” అంటూ, ఆ సాయంత్రం తన బదులు గొంతును తనే ఆపింది.

రత్నం ఫోను మోగింది. నాకూ వినిపించేలా స్పీకరు పెట్టింది.

“అన్నం తిన్నావా తల్లీ?”

“లేదు నాన్నా.”

“మంచిది తల్లీ.”

రత్నం నావైపు చూసింది. “చెయ్యి విరిగింది నాన్నా!” అని అబద్ధమాడింది.

“మంచిది తల్లీ. బాగా చదువుకో.”

అవతల ఉన్నదీ బదులు గొంతే. రోజూ రత్నం బదులు గొంతు చెప్పే ఒకే జవాబు విని విని, అది వినడమే మానేసింది.

“దాన్ని ఇక్కణ్ణుంచి ఆపలేమాండీ?”

“ఆపలేమమ్మా.”

రత్నం ఏడవలేదు. తన బదులు గొంతుకు ఒక్క వాక్యం కొత్తగా రాసి, రాత్రంతా అడుగుతూ ఉండమని క్లాసు కంప్యూటరులో మళ్లీ నడిపించింది.

“నాన్నా, ఒక్కసారి నువ్వే మాట్లాడవా?” అంది రత్నం బదులు గొంతు.

“మంచిది తల్లీ.”

“ఎప్పుడో ఒకప్పుడు నాన్న చెవిన పడద్ది కదండీ” అంటూ రత్నం దీపం ఆర్పి, చప్పుడు కాకుండా గది తలుపు మూసింది.