కోసేసిన చరణం

దశరథం చేతిలో అప్పటికున్నది వాయిదాల మీద కొన్న కొత్త కెమెరా, శంషాబాద్ బస్టాండు ఎదురుగా మేడ మీద కిరాయి స్టూడియో.

ఎయిర్‌పోర్టు వచ్చి అయిదేళ్లయింది. మహేశ్వరం దాకా పొలాలు ప్లాట్లవుతున్నాయి.

ప్లాట్లు అమ్మే మల్లేశ్వర్ తన కొత్త వెంచరుకు దశరథంతో వీడియో చేయించాడు. నెలాఖరు ఆదివారం హోటల్లో, కొనేవాళ్ల ముందు పెద్ద తెర మీద అది ఆడితే, ఇక తన వెంచర్లన్నింటి పనీ దశరథానికే ఇస్తానన్నాడు.

పాట విషయంలో దశరథం లెక్క వేసుకున్నాడు. సినిమా పాట పెడితే హక్కులవాళ్లు మీద పడతారు. అందుకే షాద్‌నగర్ సంతలో ఎప్పుడో కొన్న క్యాసెట్టులోంచి దుక్కి పాట ఒకటి తీసి పెట్టాడు.

జానపదానికి యజమాని ఎవడు? ఖర్చు సున్నా.

వీడియో నెట్‌లోకి ఎక్కిన వారానికి ఒక ముసలాయన మెట్లెక్కి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు.

"మా మనుమడు ఫోన్ల సూపిచ్చిండు బిడ్డా. మంచిగున్నది. గని ఆఖరి చరణం లేదేంది?"

"పాట పొడుగైంది. కోసిన."

"వేరేది ఏదన్న కొయ్యి. ఆఖరిది ఉండాలె."

దశరథానికి ఒళ్లు మండింది. పెళ్లి వీడియోల్లో పాటలకు లైసెన్సేదని ముందురోజే ఏదో ఆడియో కంపెనీవాళ్లు ఇద్దరొచ్చి పీక్కుతిని పోయారు.

"ఏ కంపెనీ పంపింది నిన్ను?"

"కంపెనీ గాదు, మంఖాల్ నుంచొచ్చిన."

"ఎంత గుంజుదామని?"

"పైసలెందుకు? చరణం పెట్టు, చాలు."

"మొదలు గట్లనే అంటరు. అసలు నువ్వెవరు? ఆ పాటకేమైతవ్?"

ముసలాయన నవ్వాడు. "నా నోటితోని చెప్పుకుంటే బాగుండదు. ఆఖరి చరణం ఇను, తెలుస్తది."

"పొడుపు కథలా? ఇగ జానపదాలకు గూడ కిరాయి వసూలు చేసెటోళ్లు తయారైన్రు! నడువ్!"

భుజం పట్టి బయటికి నెట్టాడు. చెప్పులను కాలితో మెట్ల మీదికి తన్నాడు.

ముసలాయన వాటిని ఏరుకుని తొడుక్కున్నాడు.

"బాలమల్లు వచ్చిపోయిండనుకో," అని దిగిపోయాడు.

శుక్రవారం పొద్దున్నే మల్లేశ్వర్ ఫోను.

"ఏం జేసినవ్ దశరథం? నెట్‌లకెల్లి వీడియో తీసేసిన్రు! పాట ఏదో ఆడియో కంపెనీదట. కాయితం లేంది తెర మీద ఎయ్యం అని హోటలోళ్లు గూడ అంటున్నరు. నా ఇజ్జత్ తీస్తవా?"

దశరథం ఆ కంపెనీకి ఫోన్ చేసి అరిచాడు.

"జానపదం మీదెట్లయితది? దొంగతనమా?"

"జానపదం కాదండీ. పాట కట్టినాయన ఉన్నాడు. మొన్న మంగళవారం హక్కులు మాకు రాసిచ్చాడు."

"ఎంతకు?"

"డబ్బు అడగలేదండీ. ఎవరో స్టూడియోవాడు పాట కోశాడట, ఇకమీదట ఎవరూ కోయకుండా చూడమన్నాడు. అదొక్కటే షరతు. మీరు వాడుకోవాలంటే మాత్రం లక్షన్నర కట్టాలి."

లక్షన్నర లేదు. వేరే పాట పెడతానని కాళ్లావేళ్లా పడినా మల్లేశ్వర్ వినలేదు. సాయంత్రానికల్లా వెంచర్ల పని షాద్‌నగర్ స్టూడియోకు వెళ్లిపోయింది.

కంపెనీని తిట్టాడు. హోటలువాళ్లను తిట్టాడు. ముసలాయనను అమ్మనా బూతులు తిట్టాడు.

"గా చరణంల ఏమంత బంగారం దాచిండో!"

క్యాసెట్టు తీసి టేప్‌రికార్డర్‌లోకి కుక్కాడు. కోసేటప్పుడు పొడుగే చూశాడు తప్ప వినలేదు. పాట చివరికి వచ్చింది.

వెంచర్లు పోగా, కెమెరా వాయిదాలు కాక, దశరథానికి మిగిలింది ముసలి గొంతులో ఆ చివరి చరణం ఒక్కటే:

"మంఖాల బాలమల్లు కట్టిన పాట, అడగకున్నా అందరికి ఇచ్చిన పాట."