శుక్రవారం పట్టీ

“తలుపు కొట్టకయ్యా బాబూ! లోపల పుష్పలతగారు పట్టీ రాస్తున్నారు,” అంటూ గాలిలో లేచిన అనంతకృష్ణ చేతిని శివరామయ్యగారు అక్కడే పట్టుకున్నారు.

“ఒక్క మాట ముందే చెప్పేద్దామనండి...”

“అయిదింటికి బయటికొస్తారుగా, అప్పుడు చెబుదువుగాని. ముందు నీ ప్రోగ్రాం నెగ్గనీ.”

అనంతకృష్ణ చెయ్యి దించుకున్నాడు. తెనాలిలో ఆ చిన్న ఆఫీసుకు శివరామయ్యగారు యజమాని, అనంతకృష్ణ అక్కడ ప్రోగ్రామరు. కాలేజీల కోసం జావా అనే కంప్యూటరు భాషలో సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముతారు. హాజరు, ఫీజులు, హాస్టలు, హాల్‌టికెట్లు అంటూ అది మొత్తం నలభై ఒక్క ముక్కలు. వాటినే మాడ్యూళ్ళంటారు. ఏ కాలేజీకి ఏ ముక్కలు వెళ్ళాలో, ఏ ముక్కకు ఏది తోడుండాలో వరసగా ఒక ఫైల్లో రాసిస్తేనే కంప్యూటరు వాటన్నిటినీ కలిపి ప్యాకేజీ కడుతుంది. ఒక్క లైను తప్పినా అక్కడ కాలేజీలో సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. పెళ్ళి సామాన్ల పట్టీలాంటిదని ఆఫీసులో అందరూ ఆ ఫైలును పట్టీ అనేవారు.

ప్రతి శుక్రవారం రెండింటికి పుష్పలతగారు గది తలుపేసుకుంటే అయిదింటికి పట్టీతో బయటికొచ్చేవారు. అప్పటికి ఆవిడ కళ్ళు ఎర్రగా ఉండేవి, చెంప మీద గాజుల అచ్చు పడి ఉండేది. పాపం, చెంపకు చెయ్యి చేర్చి ఎంతసేపు ఆలోచించారో అనుకునేవాడు అనంతకృష్ణ. పైగా ఆవిడది రేపల్లె. నాలుగింటికే లేచి, ఇంట్లో ఏడుగురికి వండిపెట్టి, రైలెక్కి రావాలి. అయినా మూడేళ్ళలో ఆ పట్టీలో ఒక్క అక్షరం తప్పు పడలేదు.

రెండు వేల ఏడు వేసవిలో ఒక శుక్రవారం రెండుంపావుకు పోయిన కరెంటు అయిదుకు పది నిమిషాలుందనగా వచ్చింది. అయిదింటికల్లా పట్టీ సిద్ధం!

“ఎలా చేశారు మేడమ్?”

“అలవాటు నాయనా,” అన్నారావిడ ఆవలిస్తూ.

ఆ శ్రమ చూసి అనంతకృష్ణ గుండె కరిగిపోయింది. కరగడంతో ఆగినా బాగుండేది. తిన్నగా యజమాని గదిలోకి వెళ్ళి, “పట్టీ దానంతటదే తయారయ్యేలా ప్రోగ్రాం రాస్తానండి,” అని మాటిచ్చేశాడు.

“రాస్తే టీమ్ లీడరువి నువ్వే. కానీ అప్పుడావిడకు పనేముంటుందయ్యా?” అన్నారు శివరామయ్యగారు.

ఆ ప్రశ్న వేసుకోవలసింది తనేనని అనంతకృష్ణకు అప్పుడు తట్టింది. అప్పటికే టీమ్ లీడర్ అన్న మాట చెవిలో పడిపోయింది.

మూడు నెలలు రాశాడు. ప్రోగ్రాం ఒక్కో మాడ్యూలునూ తెరిచి, అది ఇంకే మాడ్యూలును పిలుస్తోందో, అంటే వాడుకుంటోందో చూసి పట్టీ కట్టేది. ఎక్కడైనా చిక్కుపడితే, ఎవరి నోట్లో మట్టి కొట్టబోతున్నాడో ఆవిడనే వెళ్ళి అడిగేవాడు.

“మేడమ్, ఊరికే నేర్చుకుందామని అడుగుతున్నానండి. హాల్‌టికెట్లకు ఫొటోల మాడ్యూలు కావాలని మీకెలా తెలుస్తుంది? కోడులో దాన్నెవరూ పిలవడంలేదే?”

“కోడులో కనపడదు. సెట్టింగుల ఫైల్లో దాని పేరుంటుంది, ముందది చూడాలి. నేనూ మొదట్లో వారం రోజులు తల బద్దలుకొట్టుకున్నాలే.”

ఆ మంచితనానికి అతనికి సిగ్గేసింది. సిగ్గుపడుతూనే ఆ ముక్క ప్రోగ్రాంలో ఎక్కించుకున్నాడు.

ఇవాళ అయిదయింది. పుష్పలతగారు కళ్ళు నులుముకుంటూ వచ్చి, బాపట్ల కాలేజీ పట్టీ ఇచ్చి, సంచి సర్దుకోవడానికి గదిలోకి వెళ్ళారు. శివరామయ్యగారు దాన్నీ, ప్రోగ్రాం నాలుగు నిమిషాల్లో రాసిన పట్టీనీ పక్కపక్కన పెట్టి లైను లైనూ చూశారు.

“కామా కూడా తేడా లేదయ్యా! శభాష్!”

“మరి మేడమ్ ఉద్యోగం సార్?” అన్నాడు అనంతకృష్ణ.

“ఎందుకు తీసేస్తానయ్యా? శుక్రవారం ఆవిడకు మూడు గంటలు మిగిలాయిగా, వచ్చే వారం నుంచి ఒంటిగంట బస్సుకు మీరిద్దరూ బాపట్ల వెళ్ళి కాలేజీ గుమస్తాలకు సాఫ్ట్‌వేర్ నేర్పించి రండి. టీమ్ లీడరువి నువ్వే.”

“టీములో ఎవరెవరండి?”

“ఆవిడే.”

అదైనా చాలనుకున్నాడు అనంతకృష్ణ. గుండెల మీద బరువు దిగిపోయింది. ఒక్క పరుగున గదిలోకి వెళ్ళి, ప్రోగ్రాం సంగతీ, బాపట్ల బస్సు సంగతీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాడు.

పుష్పలతగారు మెల్లగా కుర్చీలో కూలబడ్డారు.

“సార్‌కు చెప్పేశావా నాయనా?”

“చెప్పేశానండి. మీ ఉద్యోగానికేం భయంలేదు మేడమ్. ఇక ఆ మూడు గంటల చాకిరీ కూడా ఉండదు. నాలుగే నిమిషాలు!”

ఆవిడ అతని వంక చూశారు. ఆ చూపులో కోపం లేదు, ఒట్టి జాలి. చెంప మీద గాజుల అచ్చు తడుముకుంటూ లేచి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అన్నారు:

“నా ప్రోగ్రాం మూడేళ్ళుగా నలభై సెకన్లలో రాస్తోంది, ఎవరికైనా చెప్పానా నాయనా?”