తెల్ల అంచు ఆకులు

“ఎంత పని చేశావు నాయనా,” అంది పక్కింటి టీచరమ్మ, ప్రహరీ మీదుగా తొంగిచూసి.

ప్రూఫ్‌రీడర్ కత్తెర కిందికి దించాడు. “తెగులు పట్టిందండీ పిన్నిగారూ. ఆకుల అంచులన్నీ తెల్లగా పాలిపోయాయి. మిగతావాటికి పాకకముందే కత్తిరించేశాను.”

“తెగులు కాదయ్యా, దాని అందమే అది. ఐవీ తీగల్లో అదో రకం. ఆ తెల్ల అంచు కోసమే వీధిలో వాళ్ళంతా మీ గోడ దగ్గర ఆగి మరీ చూసి వెళ్తారు. మీ ఆవిడ ఏం చెప్పి వెళ్ళలేదా?”

“నీళ్ళు పొయ్యండి, చెయ్యి మాత్రం పెట్టకండి అంది.”

“మరి పెట్టావే.”

అతను కత్తెర వెనక్కి దాచుకున్నాడు. పొద్దున్నే ప్రెస్సుకి వెళ్ళి చీకటిపడ్డాక వచ్చే మనిషి. గోడ మీద ఏముందో ఎప్పుడు చూశాడు గనక? ఈ నాలుగు రోజులూ సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. తప్పు కనిపిస్తే దిద్దకుండా ఆ చెయ్యి ఊరుకోదు.

చెల్లెలి పురిటికి వెళ్ళిన భార్య సాయంత్రం బస్సుకి దిగుతుంది. పెళ్ళయ్యాక ఆమె తనకంటూ పెంచుకున్నది ఈ తీగొక్కటే. ఇప్పుడు గోడ మీద మిగిలినవన్నీ ఉత్త పచ్చ ఆకులు.

కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. బల్లసొరుగులో, కాగితం మీద తప్పులు కప్పే వైట్‌నర్ సీసా కనిపించింది. గోడ పక్కన స్టూలు వేసుకుని, కళ్ళజోడు సవరించుకుని, ఒక్కో ఆకు అంచూ దిద్దడం మొదలుపెట్టాడు. మూడు గంటలు పట్టింది. మెడ పట్టేసింది కూడా.

వచ్చీ రాగానే భార్య సంచీ అయినా దించకుండా గోడ దగ్గరికి నడిచింది. వంగి చూసింది.

“బాగానే చూసుకున్నారే. తెలుపు ఇంత నిండుగా ఎప్పుడూ రాలేదు.”

అవతల టీచరమ్మ దగ్గింది. “అంతా మీ ఆయన చేతి చలవే అమ్మాయ్. నాకో కొమ్మ ఇస్తానని ఏడాదిగా అంటున్నావు. ఇప్పుడైనా ఇస్తావా?”

“ఇప్పుడు అంటుకోదు పిన్నిగారూ. వానలు తగ్గనివ్వండి.”

గండం గడిచిందనుకున్నాడతను. లోపలికెళ్ళి టీ కలిపి తెచ్చేసరికి వాన పట్టుకుంది. వరండాలో ఇద్దరూ గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ కళ్ళెదుటే ఆకుల మీది తెలుపు పెచ్చులు పెచ్చులుగా లేచింది. సున్నపు నీళ్ళలా గోడ వెంట కారింది.

ఇక దాచి లాభం లేదు. కత్తెర సంగతీ, సీసా సంగతీ పూసగుచ్చినట్టు చెప్పేశాడు. “నీ ఇష్టం. ఎంత తిట్టినా పడతాను. ఇన్నేళ్ళ నీ కష్టం చెత్తబుట్ట పాలు చేశాను.”

భార్య టీ పూర్తిచేసింది. పక్కింటి వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

“వైట్‌నర్ వానకి ఆగదండీ. నేనెప్పుడూ తెల్ల నెయిల్ పాలిషే వేస్తాను.”